కొలపాత్ర లేని క్రిమినాశనము

మందులను వమ్ముచేయు ఎన్‌డీఎం-1 అను ఎంజైమునకు ‘న్యూఢిల్లీ’ పేరు తగిలించిరని 2010వ సంవత్సరమున పార్లమెంటులో సైతము ఆగ్రహము వెల్లడియయ్యెను. ఆ యాగ్రహములో వీసమైనను మన ఆసుపత్రుల నేలలపై చూపియుండినచో మేలుగా నుండెడిది.

మందులకు లొంగని క్రిమి క్రిమినాశకములకు గూడ లొంగదను భీతి ప్రజలలో నున్నది. సాధారణముగా నది నిజము కాదు. ఏంటీబయాటిక్ క్రిమిశరీరమున నేదో యొక మర్మమును కొట్టును. క్లోరిను ద్రావణము సర్వాంగములను దహించును. తగిన పాళ్లలో కలిపి, తగినంతసేపు తడి యారక నిలిపినయెడల క్లెబ్సియెల్లాయైనను, అసినెటోబాక్టరైనను నశించును. కాని చీమునెత్తురులు తుడువక పైపైన చల్లిన క్లోరిను ఆ మురికితోడనే చెల్లిపోవును. మూతలేక యెండలో నుంచినది నిస్సారమగును. మితిమీరి పలుచబరచిన క్వాటర్నరీ అమ్మోనియము ద్రావణములో సూడోమోనాసు చావకపోగా వృద్ధిపొందిన యుదంతములును కలవు!

ఇక బక్కెటులో మందు కలుపువా రెవరు? పలుచోట్ల గుత్తేదారు క్రింద చాలీచాలని కూలికి పనిచేయు పారిశుద్ధ్య కార్మికురాలు. ఆమెకు కొలపాత్ర యీయరు, చేతితొడుగు లీయరు, నేల నెంతసేపు తడిగా నుంచవలయునో చెప్పరు. రోగము ప్రబలినపిమ్మట సంజాయిషీ మాత్ర మామెనే యడుగుదురు.

ఖరీదైన క్రొత్తమందులకై నిధులు వెదకు ప్రభుత్వములు ముందుగా ప్రతి వార్డునకు కొలపాత్రను, ఏనాటి కానాడు కలిపిన ద్రావణమును, ఆ కార్మికురాలికి శిక్షణను, ఖాయమైన జీతమును సమకూర్పవలెనని మేము కోరుచున్నాము.