మణికట్టు గడియారం చెప్పే మాట ఎంతవరకు నిజం?

1891 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కిప్టన్ అనే చిన్న స్టేషన్ వద్ద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఒకటి ప్యాసింజరు బండి, రెండవది మెయిలు బండి. మరణించినవారిలో ఇంజను డ్రైవర్లతో పాటు మెయిలు పెట్టెలో నిలబడి ఉత్తరాలు విడదీస్తున్న తపాలా గుమాస్తాలు కూడా ఉన్నారు. ఒక రైలు ఉద్యోగి జేబు గడియారం కొద్ది నిమిషాలు ఆగి, తిరిగి నడవడమే ప్రమాదానికి కారణమని ఆనాడు చెప్పుకున్నారు. ఆ తరువాత రైలు యాజమాన్యం క్లీవ్‌లండ్ నగరానికి చెందిన వెబ్ బాల్ అనే నగల వర్తకుణ్ణి గడియారాల తనిఖీకి నియమించింది. వారానికి 30 సెకండ్లకు మించి తేడా చూపే గడియారం రైలు సిబ్బంది వద్ద ఉండరాదనే ప్రమాణం అక్కడి రైల్వేలలో స్థిరపడింది.

గడియారం తప్పు చెబితే ఎవరి ప్రాణాలు పోతాయో రైల్వే, తపాలా ఉద్యోగులకు వేరొకరు బోధించనక్కరలేదు. ఇప్పుడు మన మణికట్టు మీదికి కొత్త గడియారం వచ్చింది. అది కాలం చెప్పడంతో ఆగక నాడి, నిద్ర, రక్తంలోని ఆక్సిజన్, రక్తపోటు, నడిచిన అడుగులు అన్నీ చెబుతానంటున్నది. దీనిని తనిఖీ చేసిన వెబ్ బాల్ ఎవరు అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న నా ముందుకు వచ్చింది సూరత్‌లో. ఆ నగరంలో తెలుగువారు తక్కువేమీ కాదు. మరమగ్గాల మీద బ్రతకడానికి తెలంగాణ జిల్లాల నుండి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఉధనా, లింబాయత్ ప్రాంతాలలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపిన ఊరు అది. అక్కడి మన సభ్యుల సమావేశంలో కరువు భత్యం గురించి మాట్లాడడానికి వెళితే, మాటలు గడియారాల మీదికి మళ్లాయి. పండుగ బోనసుతో పదిహేను వందలకో, రెండు వేలకో కొన్న స్మార్ట్ వాచీ సగం మంది చేతులకు కనిపించింది. యాభై దాటిన ఒక పాయింట్స్‌మన్ సోదరుడు తన వాచీ చూపించి, "అన్నా, వారం రోజులుగా బీపీ 118, 78 అనే చూపిస్తున్నది. ఇక మాత్ర మానేయవచ్చు గదా?" అని అడిగారు. మానవద్దని చెప్పాను. ఎందుకు వద్దో ఆయనకు చెప్పిన దానికంటె కొంచెం వివరంగా ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ వాచీ వెనుకవైపు చూస్తే ఆకుపచ్చ కాంతి మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోని సన్నని నాళాలలో రక్తం పెరిగి తగ్గుతుంది గనుక, తిరిగి వచ్చే కాంతి కూడా అదే లయలో తగ్గి పెరుగుతుంది. ఆ లయను లెక్కించి నాడి సంఖ్యగా చూపిస్తుంది. సూత్రం సరైనదే. అయితే పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి చల్లబడినా, చెయ్యి విపరీతంగా కదులుతున్నా, చర్మం మీద పచ్చబొట్టు ఉన్నా లెక్క చెడుతుంది. చవక పట్టీలు కొన్ని అరటిపండుకు కట్టినా నాడి ఉన్నదని చూపించిన ఉదంతాలు ఉన్నాయి. అరటిపండుకు గుండె లేదు గాని, కాంతిని తిరగగొట్టే పైతోలు ఉన్నది!

విశ్రాంతిగా కూర్చున్నప్పుడు మంచి వాచీ చూపే నాడి సంఖ్యను చాలావరకు నమ్మవచ్చును. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఏడు రకాల పట్టీలను 60 మంది మీద పరీక్షించగా, ఆరు పట్టీలు నాడిని 5 శాతం తేడాలోపలే చెప్పాయి. ఖర్చయిన క్యాలరీల విషయంలో మాత్రం అన్నిటికంటె మంచిది సగటున 27 శాతం, అన్నిటికంటె చెడ్డది 93 శాతం తప్పు చెప్పాయి. కనుక "ఈ రోజు ఇన్ని క్యాలరీలు కరిగాయి, రెండు జిలేబీలు తినవచ్చు" అనే లెక్కను జిలేబీల అంగడివాడికే వదలిపెట్టడం మంచిది.

గుండె లయ తప్పడాన్ని పట్టుకునే విషయంలో ఈ పరికరాలకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. 2019లో వెలువడిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొన్నారు. వారిలో 2,161 మందికి లయ సరిగా లేదనే హెచ్చరిక వచ్చింది. తరువాత ఛాతీకి అంటించే పరీక్షా పట్టీ ధరించి తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు బయటపడింది. ఇది వచ్చిపోయే జబ్బు గనుక మిగిలినవారందరికీ హెచ్చరిక అబద్ధమని చెప్పడానికి లేదు. పక్షవాతానికి దారితీయగల జబ్బు కనుక అటువంటి హెచ్చరిక వచ్చినవారు తప్పక వైద్యుని చూడాలి. హెచ్చరిక రానంత మాత్రాన గుండె బాగున్నదని మాత్రం అర్థం కాదు. గుండెపోటును ఈ వాచీలు కనిపెట్టలేవు. ఛాతీలో నొప్పి ఎడమ చేతికి ప్రాకుతుంటే వాచీ వైపు చూస్తూ కూర్చోరాదు.

రక్తపోటు సంగతి వేరు. జబ్బకు పట్టీ చుట్టి, గాలి నింపి, నాళాన్ని నొక్కి కొలిచేది నిజమైన కొలత. చవక వాచీలో నొక్కేది ఏమీ లేదు. కాంతి లయను బట్టి ఒక అంచనా వేస్తుంది. కొన్ని ఖరీదైన రకాలను మొదట జబ్బ పట్టీ యంత్రంతో సరిచూసి, మధ్య మధ్య మళ్లీ సరిచూస్తూ ఉండాలి. ఆ ఏర్పాటు కూడా లేని వాచీ 118, 78 అని వారం రోజులు ఒకే మాట చెప్పడంలో వింత లేదు, ఆరోగ్యవంతునికి ఉండే సంఖ్యకు దగ్గరగా ఏదో ఒకటి చూపితే కొన్నవాడు సంతోషిస్తాడు. జబ్బ పట్టీ లేని పరికరాలతో రక్తపోటు నిర్ధారణ చేయరాదని ఐరోపా రక్తపోటు వైద్యుల సంఘం 2023 మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 35.5 శాతం మందికి రక్తపోటు, 11.4 శాతం మందికి చక్కెర జబ్బు ఉన్నాయి. అంటే ఏ సార్టింగ్ కార్యాలయంలో చూసినా ముగ్గురిలో ఒకరికి వర్తించే విషయం ఇది.

చక్కెర గురించి ఒక్క మాటతో సరిపోతుంది. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలిచే వాచీ గాని ఉంగరం గాని ఏదీ తన ఆమోదం పొందలేదని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అటువంటి వాచీని నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చుకోవడం ప్రాణాపాయం.

ఆక్సిజన్ కొలత సూత్రాన్ని 1974లో జపాను ఇంజనీరు తకువో అవోయాగి కనుగొన్నారు. ఆ పరికరం కోసం ప్రపంచమంతా అంగళ్లకు పరుగెత్తుతున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు. 2021 వేసవిలో సూరత్‌లోనూ, మన ఊళ్లలోనూ వ్రేలికి తగిలించే ఆ చిన్న క్లిప్పు ఎందరి ఇళ్లలో గుండె దడ పుట్టించిందో అందరికీ తెలిసినదే. క్లిప్పు కాంతిని వ్రేలి గుండా అవతలికి పంపిస్తుంది. వాచీ మణికట్టు మీద పడి తిరిగి వచ్చిన కాంతిని చూస్తుంది, కనుక దాని పని మరింత కష్టం. ఆసుపత్రి క్లిప్పుకే ఒక లోపం ఉన్నదని 2020 డిసెంబరులో మిషిగన్ వైద్యులు చూపారు. క్లిప్పు 92 నుండి 96 వరకు చూపుతున్నా నిజానికి ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం ఉంటే, నల్లజాతివారిలో 11.7 శాతం ఉన్నాయి. ఎండలో నల్లబడిన ట్రాక్‌మన్ మణికట్టు కోసం ఈ వాచీలను ఎవరు సరిచూశారు?

అడుగుల లెక్కలో మన వృత్తులవారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. వాచీ లెక్కించేది కాళ్లను కాదు, చేతి ఊపును. ముద్ర వేసే గుమాస్తా కుర్చీలోనుండి లేవకుండానే కొన్ని వందల "అడుగులు" సంపాదించుకోవచ్చు. అరలలో ఉత్తరాలు విసిరే ఆర్.ఎం.ఎస్. సోదరుడు నిలబడినచోటనే మైలు దూరం నడిచినట్లు చూపవచ్చు. ఇక నిండు సంచితో సైకిలు నెట్టుకుంటూ వెళ్లే పోస్టుమన్, ప్లాట్‌ఫారం మీద పార్సిలు బండి తోసే కార్మికుడు నిజంగా నడిచినా, చేతులు కడ్డీని పట్టుకొని ఉన్నందున లెక్కకు సరిగా రారు. చెమటోడ్చినవాని లెక్క తగ్గి, కూర్చున్నవాని లెక్క పెరగడం మనకు కొత్త కాదు గాని, యంత్రం కూడా అదే పని చేయడం విచిత్రమే. రోజుకు పదివేల అడుగులనే సంఖ్య కూడా వైద్యులు నిర్ణయించినది కాదు. 1960లలో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరులోనుండి అది ప్రచారంలోకి వచ్చింది. వృద్ధ స్త్రీలపై 2019లో వెలువడిన ఒక పరిశోధనలో మేలు సుమారు 7,500 అడుగుల వద్దనే నిలకడకు వచ్చింది.

నడక మేలు చేస్తుందన్న సంగతిని లోకానికి మొదట నిరూపించి చూపినది మన వంటి కార్మికులే. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండను బస్సు సిబ్బందిని పరిశీలించగా, రోజంతా కూర్చునే డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది. అదే పరిశోధనలో తపాలా శాఖవారినీ చూశారు. నడిచి ఉత్తరాలు పంచే పోస్టుమన్లకు, కూర్చుని పనిచేసే గుమాస్తాలకంటె, టెలిఫోను ఆపరేటర్లకంటె గుండెజబ్బు తక్కువ. తరువాత ఆయన బస్సు సిబ్బంది యూనిఫారం కొలతల పుస్తకాలు తెప్పించి, డ్రైవర్ల నడుము చుట్టుకొలత కండక్టర్లకంటె ఎక్కువని కూడా తేల్చారు. దర్జీ కొలతలతో జరిగిన ఆ పరిశోధనకు ఏ వాచీ అవసరం కాలేదు.

నిద్ర లెక్క గురించి చెప్పేది తక్కువే. కదలకుండా పడుకొని నిద్ర పట్టక బాధపడేవాణ్ణి కూడా వాచీ నిద్రపోయినట్లే వ్రాసుకోవచ్చు. రన్నింగ్ రూములో పగటిపూట, పక్కన షంటింగు మోతల మధ్య పడుకున్న లోకో పైలట్ నిద్రకు అది ఎన్ని మార్కులు వేసినా అది సాక్ష్యం కాజాలదు.

సాక్ష్యం అన్న మాట కావాలనే వాడాను. ఈ వాచీ సొంత సరదాగా ఉన్నంతవరకు నష్టం పరిమితం. యాజమాన్యం చేతిలో సాధనమైతే కథ మారుతుంది. 2020లో చండీగఢ్‌లో పారిశుధ్య కార్మికులకు జాడ పట్టే వాచీలు కట్టి, వారు ఎక్కడ ఎంతసేపు ఉన్నారో దూరం నుండి చూడసాగారు. కార్మికులు వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 7వ సెక్షనులో మాత్రం, ఉద్యోగ ప్రయోజనాల కోసం, యజమానిని నష్టం నుండి కాపాడే నిమిత్తం, ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారాన్ని వాడుకొనే వెసులుబాటు ఉన్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నిద్ర తక్కువైనదని వాచీ చెప్పిన మాట రేపు ఛార్జిషీటులో చేరదని ఎవరు హామీ ఇస్తారు?

రైల్వేలో భద్రతా విధుల్లో ఉన్నవారికి నిర్ణీత కాలవ్యవధిలో వైద్య పరీక్ష ఉన్నది. 45 ఏళ్ల వరకు నాలుగేళ్లకొకసారి, 55 వరకు రెండేళ్లకొకసారి, ఆ పైన ఏటా. అర్హత నిర్ణయించవలసినది ఆ పరీక్షలో వైద్యుడే. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగినవారిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతున్నది. కనుక వాచీ చూపిన అంకె చూసి భయపడి పరీక్షకు ముందు జబ్బు దాచుకోవలసిన పని గాని, ఆ అంకె చూపి పరీక్ష తప్పించుకోవలసిన పని గాని లేదు. పూర్తి ప్రభుత్వోద్యోగులుగా గుర్తింపు లేని గ్రామీణ డాక్ సేవకుల పరిస్థితి ఇంతకంటె హీనం. వైద్యుడు అందుబాటులో లేనివాడు అంగట్లో దొరికే వాచీని వైద్యుడుగా పెట్టుకుంటున్నాడంటే తప్పు అతనిది కాదు.

సూరత్ చరిత్రలోనే దీనికి సమాధానం ఉన్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది కార్మికులు దొరికిన రైలెక్కి ఆ నగరం విడిచిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారి కాలంలో చెత్త ఎత్తారు, కాలువలు బాగుచేశారు, అధికారులను ప్రతిరోజూ వీధులలోకి పంపించారు. ఊరి ఆరోగ్యం మారింది అందువల్ల. ఇంటింటా థర్మామీటరు కొనిపించి ఊరుకుంటే జ్వరాల లెక్క మాత్రం చక్కగా వచ్చి ఉండేది.

అలసటను కొలిచే యంత్రం కంటె అలసటను తగ్గించే డ్యూటీ పట్టిక మనకు ముఖ్యం. ప్రతి రన్నింగ్ రూములో, ప్రతి సార్టింగ్ కార్యాలయంలో సరిచూసిన జబ్బ పట్టీ రక్తపోటు యంత్రం ఒకటి ఉంచాలని, దానిని ఏటా తనిఖీ చేయాలని బ్రాంచీలు తీర్మానించి పంపాలి. ఇది రెండు మూడు వేల రూపాయల పని. వాచీ ఉన్నవారు అయిదు నిమిషాలు కూర్చొని, దాని అంకెను ఆ యంత్రంతో పోల్చి చూసుకోవచ్చు. మందు మార్చడం, మానడం వైద్యుని పని. వాచీ సమాచారం ఇవ్వడానికి సమ్మతిస్తున్నామంటూ ఏ కాగితం ముందుకు వచ్చినా బ్రాంచి కార్యదర్శికి చూపకుండా సంతకం చేయవద్దు. ఉధనా పాయింట్స్‌మన్ సోదరుడు మరునాడు రైల్వే ఆసుపత్రికి వెళ్లి రక్తపోటు చూపించుకుంటే 156, 98 వచ్చింది.