లేమికి జరిమానా

మా మేడిపల్లిలో బీడీలు చేసే అక్క ఖాతాలో సొమ్ము తగ్గిందని బ్యాంకు జరిమానా కోస్తుంది. లేనివారిని లేనందుకే శిక్షించడం ఊరి వడ్డీ వ్యాపారికి సైతం తోచని విద్య!

నిల్వ తగ్గితే ముందుగా తెలపాలనీ, నెల గడువివ్వాలనీ, తగ్గిన మొత్తాన్ని బట్టే కోత ఉండాలనీ, కేవలం కోతల వల్ల ఖాతా సున్నా కిందికి దిగరాదనీ రిజర్వు బ్యాంకు 2014 నవంబరులోనే ఆదేశించింది. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో ఏ శాఖ గోడ మీదా నాకింతవరకు కనబడలేదు.

"రెండు వందలకు కోర్టుకా?" అని నవ్వేవారున్నారు. ఆ నవ్వే బ్యాంకుకు పెట్టుబడి. బ్రిటనులో 2006, 2007లలో ఓవర్‌డ్రాఫ్టు కోతల మీద వేలాదిమంది చిన్న దావాల కోర్టులకెక్కితే, బ్యాంకులు చాలామందికి సొమ్ము తిరిగిచ్చాయి. (2009లో అక్కడి సుప్రీంకోర్టు బ్యాంకులవైపు తీర్పిచ్చింది, అది వేరే కథ.) మనకూ 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఇంత చిన్న ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కానీ కరీంనగర్‌కు రెండుసార్లు బస్సెక్కితే ఆ రెండు వందలూ ఎగిరిపోతాయి, కూలి నష్టం అదనం. కనుక ముందు శాఖకు రాయండి. ముప్పయి రోజుల్లో బదులు రాకుంటే అంబుడ్స్‌మన్‌కు రాయండి, పైసా ఖర్చు లేదు.

అన్నట్టు, కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతా 2012 నుంచీ ఉంది. అడిగితే ఇవ్వక తప్పదు.