ఆఫీసుకి ర్యాంపు, వెబ్‌సైటుకి మెట్లు

ప్రభుత్వ వెబ్‌సైటు పైమూలలో ఒక చిన్న 'అ', ఒక పెద్ద 'అ' పెట్టేసి "యాక్సెసిబిలిటీ అయిపోయింది" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అక్షరం పెద్దదైతే అసలు చూపే లేని మనిషికి ఒరిగేదేంటి? వాళ్ళు వాడేది స్క్రీన్ రీడర్. మనం రాసిన కోడులో ఏముందో అదే చదివి వినిపిస్తుంది. బటన్‌కి పేరు పెట్టకపోతే ఉత్త "బటన్" అంటుంది. అది దరఖాస్తు పంపేదో, చెరిపేసేదో ఎలా తెలియాలి?

తెలుగులో ఇంకో రెండు తలనొప్పులున్నాయి. ఒకటి, సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసి ఎక్కించిన జీవో. అందులో అక్షరాల్లేవు, ఉన్నది బొమ్మ. రెండోది, అను ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్. కంటికి తెలుగే, లోపల యూనికోడ్ కాదు కాబట్టి చెవికి వినబడేదంతా చెత్త. ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్లు తెలుగు చదవగలవు. చదవనివ్వనిది మనమే.

ఇదేం దయాధర్మం కాదండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా చూడాలని 42వ సెక్షన్లో చెప్పింది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, మళ్ళీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. 2017 నిబంధనల్లో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల ప్రస్తావనా ఉంది. అయితే 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు 15(1) నిబంధనని కొట్టేసింది. చట్టం అడిగింది తప్పనిసరి ప్రమాణాలైతే ఆ నిబంధన సలహాలతో సరిపెట్టిందని కారణం. తప్పనిసరివి తయారు చెయ్యడానికి కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది ఎక్కడివాళ్ళో కాదు, మన హైదరాబాద్ నల్సార్ వాళ్ళే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు తేల్చింది.

"మీసేవకి పోతే వాళ్ళే చేసిపెడ్తరు కదా!" అని మా సిద్దిపేటలోనూ అనేవాళ్ళున్నారు. సరే, మీ ఆధార్ నంబరు, ఓటీపీ, భూమి కాగితాలు రోజూ పరాయి మనిషి చేతిలో పెడతారా? మీరు పెట్టనిది వాళ్ళెందుకు పెట్టాలి? "ఎంతమంది ఉంటారులే" అంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అందులో చూపు సమస్య ఉన్నవాళ్ళే 50 లక్షలు.

ఇక మన సంగతి. "టెండర్లో లేదు", "ఫేజ్ టూలో చూద్దాం" అనేది మనమే కదా! ఫారంలో ప్రతి గడికీ లేబుల్, బొమ్మకి వివరణ, పేజీ భాష తెలుగు అని కోడులో ఒక్క మాట, మౌస్ లేకుండా కీబోర్డుతో పని జరగడం. మొదటిరోజే చేస్తే ఇదేమంత బరువైన పని? అంతా కట్టాక గోడలు పగలగొట్టాలంటేనే ఖర్చు.

నేనడిగేది ఒక్కటే. చూపులేని మనిషి ఎవరి సాయమూ లేకుండా ఒక దరఖాస్తు మొదట్నించి చివరిదాకా పూర్తి చెయ్యాలి. అప్పటిదాకా ఆ సైటుకి బిల్లు పాస్ కాకూడదు. సిద్దిపేటకి 2023లో ఐటీ టవర్ వచ్చింది, సంతోషం. ఆ టవర్లో రాసిన కోడు దాని కింద వీధిలో ఉన్న మనిషికే పనికిరాకపోతే ఎందుకండీ మన ఇంజనీరింగు?