జిరాక్స్‌కీ దొరకని రంగు!

తెలుపు, నలుపు, నారింజ... మూడు రంగులూ ఉన్న పిల్లి కనిపిస్తే ఆడదా మగదా అని చూడక్కర్లేదు. దాదాపుగా ఆడదే! నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటమే ఇందుకు కారణం. మగ పిల్లికి ఒకటే ఎక్స్. కాబట్టి నలుపో నారింజో ఒకటే దక్కుతుంది. రెండూ ఉన్న మగ పిల్లి చాలా అరుదు. దానికి సాధారణంగా ఓ ఎక్స్ అదనంగా ఉంటుంది.

ఆడ పిల్లికి రెండు ఎక్స్‌లు. పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణం వాటిలో ఒకదాన్ని నిద్రపుచ్చుతుంది. ఏది నిద్రపోవాలన్నది అచ్చంగా లాటరీయే. అందుకే ఒంటిమీద ఇక్కడో నల్లమచ్చ, అక్కడో నారింజ మచ్చ. తెలుపు మాత్రం వేరే జన్యువు పని.

ఈ లాటరీ సంగతి క్లోనింగ్‌లో బయటపడింది. అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 'రెయిన్‌బో' అనే మూడు రంగుల పిల్లి కణంతో ప్రపంచంలోనే తొలి క్లోనింగ్ పిల్లిని సృష్టించారు. 2001 డిసెంబరు 22న పుట్టిన దాని పేరు 'సీసీ'. అంటే కాపీక్యాట్. తీరా చూస్తే దాని ఒంటిమీద నారింజ జాడే లేదు! ఆ కణంలో నిద్రపోయిన నారింజ ఎక్స్, క్లోనింగ్ చేసినా మేలుకోలేదు మరి.

సీసీ 18 ఏళ్లు బతికి 2020లో చనిపోయింది. పోయిన పిల్లిని మళ్లీ చూసుకోవాలని లక్షలు పోసి క్లోనింగ్ చేయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు అవే జన్యువులు దొరుకుతాయి. అవే మచ్చలు మాత్రం దొరకవు!