పనామా అనేది ఓడ పేరు కాదు

2024 నవంబరు 29న కాకినాడలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అన్న ‘సీజ్ ద షిప్’ మాట ఆ సాయంత్రానికల్లా ఫోనులన్నీ చుట్టేసింది. ఆ ఓడకెక్కిన రేషన్ బియ్యం ఏ గోదాములోంచి వచ్చింది, ఎవరి చేతులు మారింది అంటూ వారాల తరబడి చర్చ నడిచింది. ఓడ పేరు మాత్రం చాలాచోట్ల ‘స్టెల్లా ఎల్ పనామా’ అని అచ్చయింది. నిజానికి పేరు స్టెల్లా ఎల్ వరకే. ఓడ వెనక భాగాన పేరు కింద అది రిజిస్టరైన రేవు పేరు రాయాలి. లారీ నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ ఉన్నట్టన్నమాట. ఆ రెండు వరుసల్నీ కలిపి చదివేశారు.

బియ్యం ఎవరివని ఊరూవాడా అడిగింది. గోదావరి బియ్యం ఆఫ్రికా వెళ్లడానికి పనామా జెండా ఎందుకు కావలసి వచ్చిందో ఎవరికీ పట్టలేదు.

పట్టకపోవడంలో వింత లేదు. కాకినాడ యాంకరేజి రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. లోతు చాలక నడి సముద్రంలో లంగరు వేసుకుని నిలబడుతుంది. బస్తాలు బార్జీలెక్కి దాని దగ్గరికి పోతాయి. క్రేను వాటిని కట్టలుగా పైకి లేపి కడుపులోకి దింపుతుంది. ఒడ్డున ఉన్నవాడికి ఓడంటే దూరాన ఒక మచ్చ. రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద నిలదీస్తారు. మచ్చను నిలదీసేదెవరు?

భారతదేశపు విదేశీ వాణిజ్యంలో, బరువు లెక్కన, 95 శాతం సరుకు సముద్రం మీదే నడుస్తుంది. 1980ల చివర్లో అందులో 40 శాతం దాకా భారత జెండా ఓడలే మోసేవి. ఇప్పుడు ఆ వాటా 5 శాతం చుట్టూ తిరుగుతోంది. విదేశీ ఓడల కంపెనీలకు ఏటా కడుతున్న కిరాయి దాదాపు 6 లక్షల కోట్ల రూపాయలని 2025 సెప్టెంబరులో భావనగర్ సభలో ప్రధానమంత్రే చెప్పారు.

విశాఖలో సిటీ బస్సు బోర్డు మీద ‘సింధియా’ అని కనిపిస్తుంది. ఎక్కేవాళ్లకు అదొక స్టాపు. అది ఓడల కంపెనీ పేరని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. గ్వాలియర్ మహారాజు దగ్గర కొన్న ‘లాయల్టీ’ ఓడను సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు నడిపింది. ఏప్రిల్ 5ను జాతీయ నౌకాయాన దినంగా జరుపుకునేది అందుకే. బ్రిటిష్ కంపెనీలు కిరాయిలు తెగ్గోసి నలిపేయబోయినా ఆ సంస్థ నిలబడింది. దాని సారథి వాల్‌చంద్ హీరాచంద్ విశాఖలో ఓడల కార్ఖానాకు పూనుకుంటే, 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీళ్లలోకి జారింది. ఆ కార్ఖానాయే ఇవాళ్టి హిందుస్థాన్ షిప్‌యార్డ్. 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లింది. కన్న కంపెనీ అప్పుల్లో మునిగి తెరమరుగైంది. బస్టాపు మిగిలింది.

ఓడలు మన చేతుల్లోంచి జారిపోవడానికి పన్నులు, వడ్డీలు కారణమంటారు యజమానులు. అబద్ధం కాదు. బయట కొన్న ఓడ మీద 5 శాతం జీఎస్టీ, విదేశాలకంటే ఎక్కువ వడ్డీ ఉన్నప్పుడు, అదే వ్యాపారి దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కంపెనీ పెట్టి మార్షల్ దీవుల జెండా కట్టుకుంటాడు. ప్రపంచ నావికుల్లో దాదాపు పదో వంతు భారతీయులే. మనుషులు మనవాళ్లే, జెండా మాత్రం పరాయిది.

ఇంతకంటే తక్కువగా మాట్లాడుకునే కారణం కాంట్రాక్టు కాగితంలో ఉంది. మన ఎగుమతిదారు సాధారణంగా సరుకును మన రేవులో ఓడకెక్కించే వరకే బాధ్యత తీసుకుంటాడు. సరుకు కొన్నవాడే ఓడను కుదుర్చుకుంటాడు. దిగుమతికొస్తే, మన రేవుకు చేర్చే పూచీతో అమ్మినవాడే ఓడ చూసుకుంటాడు. అమ్మినా కొన్నా ఓడను ఎంచుకునేది అవతలివాడే. అతను మన జెండాను ఎందుకు వెతుక్కుంటాడు?

దీని దెబ్బ 2021లో తగిలింది. కోవిడ్ కాలంలో కంటైనర్లు దొరక్క కిరాయిలు కొన్ని దారుల్లో అయిదారు రెట్లు దాటాయి. అమెరికా వెళ్లాల్సిన భీమవరం రొయ్య శీతల కంటైనరు కోసం ఎదురుచూసింది. ఆ ఆలస్యం చెరువు గట్టు దగ్గరికి ధరకోతగా చేరితే, రైతు తిట్టింది వ్యాపారిని.

2025 సెప్టెంబరులోనే కేంద్ర మంత్రివర్గం ఓడల నిర్మాణానికీ సముద్ర రంగానికీ కలిపి 69,725 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచిదే. అయితే దాని చుట్టూ మాటలన్నీ కార్ఖానాల గురించే సాగుతున్నాయి. కట్టిన ఓడకు సరుకు దొరకాలంటే కాంట్రాక్టులో ఓడను ఎవరు కుదుర్చుకోవాలనే ఆ ఒక్క షరతూ మారాలి. ఏటా కోట్ల టన్నుల ముడిచమురు, బొగ్గు, ఎరువులు తెప్పించుకునే ప్రభుత్వ సంస్థలు ఓడను తామే కుదుర్చుకుంటామని పట్టుబట్టొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. కాకినాడ బియ్యం వర్తకుడికి ఒంటరిగా అంత పలుకుబడి లేదు, పదిమంది కలిస్తే ఉంటుంది.