కట్టినవారికీ కట్టించినవారికీ నడుమ



రాజాం ప్రాంతమునుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసారు. కుమారుడు సివిల్ ఇంజనీరింగు ముగించాడు. ఉద్యోగము చూసుకోమంటే లా చదువుతానంటున్నాడట. కాంట్రాక్టర్ల తగాదాలు, కట్టడాల కేసులు చూసే ప్లీడరు కావాలని అతని కోరిక. “అబద్ధమాడకుండా ఆ వృత్తిలో బ్రతకగలడా, అయ్యగారూ?” అని ఆ తల్లి అడుగుచున్నారు.

ఈ ప్రశ్నకు జవాబు మాకు పుస్తకాలలో దొరకలేదు. మేము సిగ్గుపడిన ఒక రోజున దొరికింది.

కొన్ని సంవత్సరాల క్రితం నాగావళి ఒడ్డున ఒక సంఘములో సేవ చేస్తున్నప్పుడు చిన్న హాలు కట్టించాము. మేస్త్రీ మన సంఘస్థుడే. నోటిమాట మీద పని మొదలైంది. కాగితమంటూ ఉన్నది మా డైరీలో ఒక పేజీ మాత్రమే. మొదటి వానకే స్లాబు కారింది. కమిటీవారు ఆఖరి వాయిదా సొమ్ము ఆపివేసారు. మేస్త్రీ గుడికి రావడము మానేసాడు. కూలీలకు చేబదులు తెచ్చి ఇచ్చానని అతని భార్య మా ఇంటివారి దగ్గర కంట తడి పెట్టుకున్నది. అయినా మేము కరగలేదు. నోటీసు ఇప్పిద్దామని శ్రీకాకుళములో కట్టడాల కేసులు చూసే ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గరకు వెళ్ళాము.

ఆయన మా కోపము వినలేదు, కాగితాలు అడిగారు. డైరీ పేజీ చూపించాము. తరువాత మూడు ప్రశ్నలు వేసారు. సిమెంటు ఎవరు కొన్నారు? సెంట్రింగు ఎన్నాళ్ళకు విప్పారు? స్లాబు మీద నీరు ఎవరు కట్టారు?

సిమెంటు మేమే కొన్నాము. అది వర్షాలలో రేకుల షెడ్డులో నెలకు పైగా ఉన్నది. క్రిస్మస్ దగ్గర పడిందని తొమ్మిదవ రోజునే సెంట్రింగు విప్పమని తొందరపెట్టినది మేమే. మా హాలు వెడల్పు పదిహేను అడుగులు దాటుతుంది. అంత వెడల్పు స్లాబుకు క్రింది పోట్లు కనీసము 14 రోజులు ఉంచాలని భారత ప్రమాణాల సంస్థ 2000 సంవత్సరపు కాంక్రీటు నియమావళి చెప్పుచున్నదని ఆయనే వివరించారు. మామూలు సిమెంటు వాడితే కనీసము 7 రోజులు, ఎండ తీవ్రముగా ఉంటే 10 రోజులు తడి ఆరకూడదట. మళ్ళు కట్టి నీరు నిలుపుతామని ఒప్పుకున్న మా యువకులు మూడు రోజులతో సరిపెట్టారు.

“అయ్యగారూ, ఈ కేసు వేస్తే నాకు ఫీజు వస్తుంది. మీకు మాత్రము పరువు పోతుంది” అన్నారాయన. కాగితము లేదు గనుక అతనికి హక్కు లేదనుకోవడము పొరపాటని కూడ చెప్పారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టములో 70వ సెక్షను ఉన్నది. ఉచితముగా చేసే ఉద్దేశము లేకుండా ఒకరు న్యాయముగా మనకు పని చేసిపెడితే, దాని ఫలము అనుభవించిన మనము ప్రతిఫలము ఇవ్వవలసినదే. గడువు పెట్టుకోని పనికి, పని ముగిసిన నాటినుండి మూడేళ్ళలోపు అతడు దావా వేయవచ్చు.

మేము మారు మాటాడలేకపోయాము. ఆ వారమే మేస్త్రీ ఇంటికి వెళ్ళి బాకీ చెల్లించి, తప్పు ఒప్పుకున్నాము. స్లాబు మరమ్మతు ఖర్చు చెరిసగము వేసుకున్నాము. అతడు గుడికి తిరిగి రావడానికి మాత్రము చాలా నెలలు పట్టింది. గోపురము కట్టబోయేవాడు ముందు కూర్చొని లెక్క చూచుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయము మీద ఎన్నోసార్లు ప్రసంగించిన మాకు, ఆ లెక్కలో సిమెంటు బస్తాలే కాదు, ఇచ్చిన మాట, కూలివాని చెమట కూడ ఉంటాయని ఒక ప్లీడరుగారు నేర్పించారు.

ఆ తల్లికి మేము చెప్పేది ఇదే. ఈ వృత్తికి ముడిసరకు అబద్ధము కాదు, రికార్డు. కొలతల పుస్తకము, బిల్లులు, సైటు ఫొటోలు, ఉత్తరాలు చదవగలగాలి. అవసరమైతే కోర్టు కమిషనరును పంపి కట్టడాన్ని పరీక్ష చేయిస్తుంది. ఆయన నివేదికలోని బలము, లోపము పట్టుకోవడానికి ఇంజనీరింగు తెలిసిన ప్లీడరుకు సులువు. పెద్ద కేసులలోనూ చివరికి వ్రాతే నిలుస్తుంది. నాగార్జునసాగర్ కాలువకు సిమెంటు లైనింగు వేసిన అసోసియేటెడ్ ఇంజనీరింగ్ కంపెనీకీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నడిచిన తగాదాలో, ఒప్పందములో లేని కొన్ని మొత్తాలను మధ్యవర్తిత్వములో ఇప్పించారు. ఒప్పందపు హద్దు దాటే అధికారము మధ్యవర్తికి లేదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చదువు సంగతి. డిగ్రీ ఉన్నవారికి లాసెట్ ద్వారా మూడేళ్ళ కోర్సు, ఇంటర్ అయినవారికి ఐదేళ్ళ కోర్సు ఉన్నవి. తరువాత బార్ కౌన్సిలులో పేరు నమోదు చేసుకొని, అఖిల భారత బార్ పరీక్ష వ్రాయాలి. చట్టములో ఉన్న నమోదు రుసుము 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125 రూపాయలు. అంతకు మించి వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి సంవత్సరాలలో సంపాదన స్వల్పమే. సీనియరు దగ్గర ఫైళ్ళు మోయాలి. ఆ ఓపిక అబ్బాయికే కాదు, ఇంటివారికీ ఉండాలి.

ఇల్లు కట్టించే పాఠకులకు ఒక మాట. రేటు, కొలతలు, సామాను ఎవరిది, ఏ పనికి ఎంత వాయిదా అన్నవి ఒక కాగితము మీద వ్రాసుకొని ఇద్దరూ సంతకాలు చేయండి. నమ్మకము లేక కాదు, నమ్మకము నిలవడానికి. ఇల్లు కట్టిపెట్టడము కూడ సేవయేనని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది గనుక, లోపముంటే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయముతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా ప్లీడరును ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది.

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల బిడ్డలు హైదరాబాదు, చెన్నై వెళ్ళి ఎవరెవరి మేడలకో ఇటుకలు మోయుచున్నారు. వారి కూలి ఎగవేసినప్పుడు కొలతల పుస్తకము చదవగల ప్లీడరు ఒకరు వారి పక్షాన నిలబడితే ఎంత మేలు! అమ్మా, మీ అబ్బాయిని చదవనివ్వండి. అయితే ముందు ఒక నెల పాటు ఏదైనా కట్టడము దగ్గర మేస్త్రీల ప్రక్కన నిలువమనండి. ఆ తరువాత నల్లకోటు వేసుకోవచ్చు.