బ్యాటరీ మార్చే ముందు టెర్మినల్ చూద్దాం

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే నాడు ట్రాక్టర్ సెల్ఫ్ తీసుకోకపోతే, బ్యాటరీ పోయిందని కొత్తది కొనేస్తున్నాం. చాలాసార్లు తప్పు టెర్మినళ్లకు పట్టిన చిలుముదే.

ఇంజన్ ఆపి ముందు మైనస్, తర్వాత ప్లస్ వైరు విప్పండి. వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి. ఆ నీళ్లు సెల్‌లలోకి పోనీయవద్దు. ఆరాక గరుకు కాగితంతో మెరిసేలా రుద్దండి. ముందు ప్లస్, చివర మైనస్ గట్టిగా బిగించి, పైన వాజిలిన్ పూయండి. దగ్గర బీడీ వెలిగించవద్దు. బ్యాటరీ నుంచి వచ్చే గ్యాస్ అంటుకుంటుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్‌పై జీఎస్టీ 5 శాతమే. దాని బ్యాటరీపై మాత్రం 18 శాతం! బ్యాటరీ లేకుండా ట్రాక్టర్ కదులుతుందా? దానిపైనా 5 శాతమే వేయాలి. ఈ చిన్న మరమ్మతులు రైతు వేదికల్లో నేర్పాలి.